సామి గారి హాబీ రూం

క్రిస్మస్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే సుబ్రమణి క్యాలెండరు వైపు చూడటం మానేసేవాడు. మిల్లులో చెరకు ఆడటం ఆగిపోతుంది, స్కూళ్లు మూసేస్తారు, బ్రిస్బేన్ నుంచీ ఆక్లండ్ నుంచీ చుట్టాలు ఫిజీకి వచ్చి నాడీలో విమానం దిగుతారు, మామిడిపళ్లు రాలి వాకిళ్లలో ఈగలు ముసురుతాయి. అక్కడి నుంచి కొత్త సంవత్సరం మొదటి వారం దాకా ఒక ఇంట్లో కాకపోతే ఇంకో ఇంట్లో విందు. అందరూ ఏడాది పొడుగునా ఎదురుచూసే ఆ రోజులంటే అతనికి రోత.

సుబ్రమణి నాడీ పక్కనున్న నమాకాలో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. ఏ విందుకు వెళ్లినా ఒకటే తంతు. చాప మీద కూర్చుని, గిన్నెలో కలిపిన యంగోనా వేరు రసం ఒక చిప్పెడు గొంతు దిగేలోపు ఇంటాయన వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. "మణి భాయ్, ఒకసారి ఇటు రా." ఇటు అంటే ఇంటి వెనక, గ్యాసు సిలిండరు పక్కన. అక్కడ గొంతు తగ్గించి, "ఘర్ కే కిత్నా మిలీ?" అంటాడు, ఇల్లు అమ్మితే ఎంతొస్తుందని. అమ్ముతున్నావా అంటే మాత్రం ఉలిక్కిపడతాడు. అబ్బే, ఊరికే తెలుసుకుందామని. ఇలా ఊరికే తెలుసుకునేవాళ్లందరినీ ఒకచోట చేరిస్తే నమాకా పక్కన ఇంకో నమాకా కట్టొచ్చు.

మగాళ్ల సంగతి అది. ఆడవాళ్లయితే కొత్త టైల్సు చూపిస్తారు. బాత్‌రూం తలుపు తీసి మరీ చూపిస్తారు. అన్నం ముందు కూర్చున్న మనిషికి కమోడు రంగు గురించి చెప్పడం మర్యాదేనా అని ఎవరికీ తోచదు. ఆ పక్కనే బ్రిస్బేన్ నుంచి దిగిన మేనల్లుడెవడో వీడియో కెమెరా పట్టుకుని, "అయ్యో, మీకింకా ఈ లూవర్ కిటికీలేనా" అంటూ ఇల్లంతా తిరుగుతుంటాడు. ఇంటివాళ్లు సిగ్గుపడి నవ్వుతారు. నిన్నటిదాకా ఆ అద్దం పలకల సందుల్లోంచే గాలి బాగానే వచ్చింది.

దీనికి తోడు అపవాదొకటి. సుబ్రమణి ఫలానా ఇంట్లో భోంచేశాడని తెలిస్తే చాలు, ఆ ఇల్లు అమ్మకానికి వచ్చిందని, వాళ్లు దేశం వదిలిపోతున్నారని మర్నాడు బజారంతా అనుకునేవారు. కిరాణా కొట్టువాడు ఆ ఇంటికి అరువు ఆపేసేవాడు. పక్కింటివాడు వచ్చి, వెళ్లేటప్పుడు మీ ఫ్రిజ్జు నాకే ఇవ్వాలి అని మాట తీసుకునేవాడు. అడిగింది వాళ్లే, గుట్టుగా కబుర్లు చెప్పింది వాళ్లే, చెడ్డపేరు మాత్రం ఇతనికి. రానురాను పిలుపులు తగ్గిపోయాయి.

"నన్ను కూడా ఎవరూ పిలవడం మానేసినారు," అంది భార్య కుసుమ్ ఒక డిసెంబరులో, ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీరను మళ్లీ బీరువాలో పెడుతూ. "నీతో ఉండీ ఉండీ నేను కూడా అమ్మకం బోర్డు అయిపోయినా."

సుబ్రమణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆవిడన్న మాటకి కాదు. ఆ మాట నిజమైనందుకు.

అతను పుట్టింది బా పట్టణం దగ్గర రారవాయిలో, మిల్లు వాళ్లు కూలీలకిచ్చిన క్వార్టర్సులో. తాత గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. తండ్రి బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆ క్వార్టర్సులో గోడకు మేకు కొట్టాలన్నా కంపెనీ వాళ్లను అడగాలి. కంపెనీ ఏ రంగు వేస్తే ఇంటికి అదే రంగు. డెబ్బైలో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున స్కూల్లో అందరితో పాటు అతనికీ చిన్న జెండా, తియ్య బన్ను ఇచ్చారు. ఆ జెండాను ఇంటి గోడకు కొట్టబోతే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. కంపెనీ గోడ, వద్దన్నాడు. కుర్రాడు జెండాను మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు.

పెద్దయ్యాక నాడీలో, వాయిదాల మీద సోఫాలు మంచాలు అమ్మే కొట్లో గుమాస్తాగా చేరాడు. ఎనభై ఏడులో సైన్యం పార్లమెంటులోకి నడిచి, భారతీయుల మద్దతున్న ప్రభుత్వాన్ని దించినప్పుడు పక్కింటి టీచరు ఒక ఉదయం తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మేం వాంకూవర్ పోతున్నాం, దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టు అన్నాడు. అమ్మిపెట్టాడు. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు. చూస్తుండగానే అదే అతని వృత్తి అయింది. రెండువేల సంవత్సరంలో మళ్లీ అలాంటి గొడవే జరిగినప్పుడు జనం ఆఫీసు ముందు వరస కట్టారు. దేశం ఎప్పుడు దడుచుకుంటే అప్పుడు అతని వ్యాపారం బాగుండేది. తన సంపాదన మీద తనకే వెగటు పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి.

వెళ్లిపోయేవాళ్ల ఇళ్లు చూస్తే మనుషుల మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుందనేవాడు. ముఖ్యంగా వాళ్ల సరదాలు. హాబీలట. ఒకాయన వరండా నిండా పందెం కోళ్ల గూళ్లు, వాటి రెట్ట వాసన సోఫాల్లోకి పాకింది. ఇంకొకావిడ షోకేసులో పింగాణీ హంసలు. వాటి మెడల మీద దుమ్ము ఒక తరం నాటిది. ఎవరి ఇంట్లో చూసినా కసరత్తు యంత్రం ఒకటి, దాని మీద ఆరేసిన లోదుస్తులు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కీబోర్డు ఒకటి. అమ్మేటప్పుడు ఇవన్నీ తీసెయ్యండి అంటే, అవే మా ఇంటికి అందం అనేవారు. కొనడానికి వచ్చే విదేశీయులు ఇంకో రకం. వాళ్లు పడకగదుల కన్నా ముందు హాబీ రూం ఉందా అని అడుగుతారు. ఉద్యోగం మానేసి, సముద్రం చూడ్డానికి వచ్చి, ఒక గదిలో తలుపేసుకుని కుండలు చేస్తారట. చేసుకోనీ. ఆ మాట విన్నప్పుడల్లా సుబ్రమణి కళ్లు మూసుకుని, ఉంది సార్ అనేవాడు.

అతనికీ ఒక సరదా ఉంది. దాన్ని హాబీ అంటే కొట్టడానికి వస్తాడు. నమాకాలో తెలుగువాళ్ల భజన మండలి ఒకటుంది, అందులో అతను మద్దెల వాయిస్తాడు. ఇంట్లో, బజారులో అందరిదీ ఫిజీ హిందీయే. తెలుగు అంటూ మిగిలింది పెద్దవాళ్ల నోళ్లలో, దేవుడి ముందు. పాటల్లో సగం మాటలకు అర్థం తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందరికన్నా పెద్దది జసోద అవ్వ. పళ్లు పోయాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. ఆవిడ ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. అక్కడ కూర్చుని మద్దెల మీద చెయ్యి వేస్తే సుబ్రమణికి ఎవరి ఇల్లూ గుర్తొచ్చేది కాదు. ఆ గంటా గంటన్నరలో ఎవరూ అతన్ని గ్యాసు సిలిండరు పక్కకు పిలవరు. ప్రపంచంలో అతనికి కంపరం పుట్టని చోటు అదొక్కటే.

ఆ చోటు కథ కాస్త చెప్పాలి. మండలిలో అందరివీ లీజు నేలలే. నేల ఫిజియన్ వంశాలది, దాని మీద ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లు ఉండొచ్చు. గడువు తీరాక, లీజు పొడిగించకపోతే, రేకులూ కలపా విప్పుకుని బండికెత్తుకోవాలి. చాలామంది అలా విప్పుకుని వచ్చినవాళ్లే. మేకు వంగకుండా తీయడం, రేకు చిల్లు పడకుండా దించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అందుకని మండలికి ఒక హాలు కట్టుకుందామని అనుకున్నప్పుడు, ఈసారి విప్పుకోనక్కర్లేని చోట కట్టాలని పట్టుబట్టారు. వాళ్లందరిలో ఫ్రీహోల్డు నేల, అంటే శాశ్వతంగా సొంతమైన నేల, ఉన్నది ఒక్క సామి గారికే. కాబట్టి హాలు సామి గారి ఇంటికి ఆనించి కట్టారు. నేల ఎప్పటికీ పోదు గనక హాలు కూడా ఎప్పటికీ పోదని అందరూ నమ్మారు. నేల పోదు, నిజమే. సామి గారు పోగలరని ఎవరికీ తట్టలేదు.

టాక్సీ నడిపే భగవాన్ సీలింగు ఫ్యాన్లు ఇచ్చాడు. ఒకరు తలుపు, ఒకరు లూవర్ అద్దాలు, ఒకరు పై రేకులు. సుబ్రమణి లారీడు ఇసక తోలించాడు. జసోద అవ్వ దగ్గర ఇవ్వడానికేమీ లేక, సిమెంటు కలుపుతున్నంతసేపూ కొళాయి నుంచి బకెట్లతో నీళ్లు మోసింది. వాళ్ల అత్తగారి నాటి రాముడి పటం తెచ్చి గోడకు తగిలించింది. హాలు అయింది.

సామి గారు మిల్లు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా రిటైరైన మనిషి. నుదుట బొట్టు, భుజాన కండువా, మండలికి అధ్యక్షులు. ప్రతి భజన చివరా లేచి నిలబడి చిన్న ఉపన్యాసం చెబుతారు. మన తాతలు చెమటోడ్చిన నేల ఇది, దీన్ని వదిలిపోవడం తల్లిని వదిలిపోవడమే, అంటారు. ఆ మాట దగ్గర గొంతు వణుకుతుంది. చాలామంది కళ్లు తుడుచుకుంటారు.

ఆ సామి గారు నవంబరు చివర్లో సుబ్రమణిని ఇంటికి పిలిపించారు. పిలిచింది ఎక్కడికని? గ్యాసు సిలిండరు పక్కకే.

"మణీ, నువ్వు మనవాడివి కాబట్టి చెప్పేది," అన్నారు సామి గారు. "నేను, సర్లా, ఇద్దరం బ్రిస్బేన్ పోయేది. ఇల్లు అమ్మాల. గప్‌చిప్‌గా. బోర్డు వద్దు."

సుబ్రమణి ఇంటికి ఆనుకున్న హాలు వైపు చూశాడు. సామి గారి భార్య సర్లా వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"మరి హాలు?" అన్నాడు.

"హాలు నా నేల టైటిల్లో ఉంది కదా. ఇంటితో పోయేది." సామి గారు కండువా సర్దుకున్నారు. "దాన్ని హాబీ రూం అని రాయి. గోరా వాళ్లు ఇష్టపడతారు."

సుబ్రమణి చెప్పి చూశాడు. హాలున్న ముక్కను వేరు చేసి మండలి పేర రాయొచ్చు, మిగతాది అమ్ముకోవచ్చు, తానే సర్వే చేయిస్తానన్నాడు. కనీసం వాళ్లతో ఒక మాట చెప్పండి, ఏమంటారో చూద్దాం అన్నాడు. సామి గారు అన్నీ శ్రద్ధగా విన్నారు. విని, "చూడు మణీ, ముక్కలు చేస్తే ధర పడిపోయేది, నీకు తెలీదా," అన్నారు.

అంతటితో అయిపోతే సుబ్రమణి ఊరుకునేవాడేమో. సామి గారికి ఇంకో ఆలోచన వచ్చింది. కొనేవాళ్లను క్రిస్మస్ వారంలో, పెద్ద భజన రోజు మధ్యాహ్నం తీసుకురమ్మన్నారు. ఇల్లు కళకళలాడుతుంటుంది, వంటలు, దీపాలు, పాటలు, ఎవరికైనా చూడగానే ఇది అచ్చొచ్చిన ఇల్లు అనిపిస్తుందన్నారు. "నువ్వు మాత్రం ఆ రోజు మద్దెల ముందు కూర్చోవద్దు," అన్నారు చివర్లో, ఎంతో ఆప్యాయంగా. "నువ్వు మద్దెల వదిలి గోరా వాళ్ల వెంట లేచివస్తే జనానికి డౌట్ వచ్చేది. నేను అధ్యక్షుణ్ణి. నా పేరు ఉంది కదా."

బస్సులో ఇంటికి వస్తూ సుబ్రమణి లెక్కేసుకున్నాడు. పందెం కోళ్ల వాసన భరించాడు, పింగాణీ హంసలను భరించాడు. జసోద అవ్వ పాటను షోకేసులో బొమ్మ చేసి ఇల్లు అమ్ముకునే మనిషిని ఇంతవరకూ చూడలేదు. కాదని వచ్చేయవచ్చు. వచ్చేస్తే సామి గారు ఇంకో ఏజెంటును పట్టుకుంటారు, అతగాడు నోరు మూసుకుని అమ్మిపెడతాడు, కొత్తవాళ్లు హాలుకు తాళం వేసేదాకా ఎవరికీ తెలీదు. పోనీ మండలి వాళ్లకు చెప్పేద్దామా అంటే, ఎవరి ఇంటి గుట్టూ ఇంకొకరి చెవిన వెయ్యలేదన్న ఒక్క పేరే ఇన్నేళ్ల వ్యాపారంలో అతనికి మిగిలింది. మిగతా పేరంతా ఎప్పుడో పోయింది.

టైర్ల కొట్టు మీదున్న అద్దె వాటాలో, కుసుమ్ ముందు కూర్చుని అంతా చెప్పాడు. భార్యకు చెప్పడం గుట్టు విప్పడం కిందికి రాదని అతని లెక్క. తల మీదుగా విమానం ఒకటి గిన్నెలు అదిరేలా దిగింది. అది పోయేదాకా ఆగి, కుసుమ్ అంది, "నువ్వు ఏజెంటువా కాదా?"

"ఏజెంటునే."

"ఏజెంటు పనేంది? ఇల్లు అమ్మకానికి ఉంటే బోర్డు పెట్టేది. పెట్టు."

సుబ్రమణి ఆవిడ వంక చూశాడు. సామి గారు బోర్డు వద్దన్నారు. అన్నారు సరే. ఇన్నేళ్లూ అందరి మాటా విన్నాడు, ఈ ఒక్కటీ వినకపోతే ఏం.

భజన రోజు పొద్దున్నే భగవాన్ టాక్సీ అయితే సంగతి బయటపడుతుందని, ఎవరిదో వ్యాను మాట్లాడుకుని బోర్డు వేసుకెళ్లాడు. సామి గారింట్లో అందరూ పెరటి వైపు పూరీల హడావుడిలో ఉన్నారు. గేటు పక్కన నేల వానకు మెత్తగా ఉంది. బోర్డు దిగగొట్టి, మట్టి తొక్కి, చేతులు దులుపుకుని అక్కడే చెట్టు నీడలో నిలబడ్డాడు. పేద్ద అక్షరాలు, రోడ్డుకు అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. ఇంకాసేపట్లో జనం వస్తారు, చూస్తారు, మండిపడతారు. సామి గారిని హాలు మధ్య నిలబెట్టి అడుగుతారు. ఆ ముక్క మాకు రాసిచ్చి కదులు అంటారు. చందాలు వేసుకునైనా కొంటామంటారు. తనకు కమిషన్ పోయినా హాలు మిగులుతుంది. మనుషుల మీద అంత ఆశ పెట్టుకోవడం అతని వయసుకు తగని పనే, అయినా పెట్టుకున్నాడు.

వచ్చారు. ఒక్కొక్కరే గేటు దగ్గర ఆగి చదివారు. చదివినవాళ్లు చదవలేనివాళ్లకు చెప్పారు. గుంపు పెరిగింది. సామి గారు పెరట్లోంచి వచ్చి బోర్డును చూసి, సుబ్రమణిని చూసి, మొహం తెల్లబోయి నిలబడ్డారు. భుజం మీది కండువా జారింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఇప్పుడు, అనుకున్నాడు సుబ్రమణి.

భగవాన్ గొంతు సర్దుకున్నాడు. "సామీ జీ," అన్నాడు. "నిచ్చెన ఉందా?"

"నిచ్చెన ఎందుకు?" అన్నారు సామి గారు, జారిన కండువా పట్టుకుని.

"నా ఫ్యాన్లు దించేది."

అంతే. ఆ మాటతో గట్టు తెగినట్టయింది. లూవర్లు ఇచ్చినాయన అద్దాలు ఒక్కొక్కటే జార్చి పాత పేపర్లలో చుట్టాడు. తలుపు ఇచ్చినాయన బందులు విప్పాడు. రేకులు ఇచ్చినాయన, అతని అన్నదమ్ములు పైకెక్కారు. ఎంత నేర్పుగా విప్పారని. ఒక్క మేకు వంగలేదు. ఒక్క రేకు కింద పడలేదు. ఒకరికొకరు అందించుకుంటూ, పట్టుకో, నెమ్మది, అటు తిప్పు అంటూ, కట్టిన రోజున ఎంత హుషారుగా కట్టారో అంత హుషారుగా విప్పారు. పిల్లలకు పనిముట్లు అందించడం ఆటయింది. సామి గారికి ప్రాణం లేచొచ్చింది. తిట్లు తప్పాయని తెలిసిపోయింది కదా, కండువా నడుముకు చుట్టి నిచ్చెన పట్టుకున్నారు.

సుబ్రమణి చెట్టు కింద నుంచి కదలలేకపోయాడు. ఇలాంటి రోత జన్మలో ఎరగడు. కొట్టుకున్నా బాగుండేది. ఒక్కడైనా, ఇదేం పని సామీ అని అడిగి ఉంటే బాగుండేది. పై నుంచి ఎవరో, "మణి భాయ్, నీది ఇసక కదా, గోకి తీసుకుపో," అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ల నవ్వులో కల్మషం లేదు, దానికే అతనికి ఎక్కువ అసహ్యం వేసింది.

మధ్యాహ్నం దాటాక, చెప్పిన వేళకే కొనేవాళ్లు కారు దిగారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ముసలి జంట. ఆయన చొక్కా నిండా చిలకలు. హాలుండాల్సిన చోట నాలుగు గోడలు, పైన ఆకాశం. సామి గారు చెమట తుడుచుకుంటూ నవ్వుమొహం పెట్టారు. ఆవిడ లోపలికి నడిచింది, ఎర్ర సిమెంటు నేల మీద నిలబడి తల పైకెత్తి చూసింది, భర్త చెయ్యి పట్టుకుంది. ఎంత వెలుతురో చూడమంది. పైన అద్దం కప్పు వేయిస్తే ఇక్కడ కూర్చుని బొమ్మలు వేసుకోవచ్చునంది. ఇలాంటి హాబీ రూం కోసమే రెండేళ్లుగా వెతుకుతున్నామని సుబ్రమణికి థాంక్సు చెప్పింది.

వాళ్లకు ఇల్లు నచ్చింది. సోమవారం లాయరు దగ్గర కలుద్దామనుకున్నారు. సామి గారు వాళ్లను కారు దాకా సాగనంపి వచ్చి, సుబ్రమణి వీపు తట్టారు. "బోర్డు పెట్టి మంచి పనే చేసినావు," అన్నారు. "అందరూ వాళ్ల వాళ్ల సామాను తీసేసుకున్నారు. నాకు ఆ దిగులు కూడా లేదు."

పూరీలు వేయించడం అయిపోయింది. సర్లా గుమ్మడికాయ కూర, పాయసం తెచ్చి పెరట్లో చాపల మీద పెట్టింది. అందరూ కూర్చున్నారు. ఎవరి సామాను వాళ్ల పక్కన పెట్టుకున్నారు. భగవాన్ ఫ్యాను రెక్కల్ని ఒళ్లో పెట్టుకుని, వాటి మీదే విస్తరి పెట్టి తిన్నాడు. వండింది పారేయడం ఎందుకని సుబ్రమణి కూడా కూర్చున్నాడు గాని పూరీ తుంచి విస్తట్లోనే వదిలేశాడు. పక్కన కుసుమ్ నీళ్లు మాత్రం తాగింది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది ఆవిడ.

జసోద అవ్వ ఏమీ విప్పలేదు. నీళ్లు విప్పుకుని తీసుకుపోవడం ఎలాగో ఆవిడకు తెలీదు. రేకులు దించేటప్పుడు రాముడి పటం మీద దుమ్ము పడుతుంటే మాత్రం వెళ్లి తీసుకుని, కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. తినడం అయ్యాక నోరు కడుక్కుని అడిగింది, "వచ్చే క్రిస్మస్‌కి ఎక్కడ పాడేది?"

ఒకాయన మా లీజు వచ్చే ఏడు తీరిపోతుంది అవ్వా అన్నాడు. ఇంకొకాయన మా ఇల్లు చిన్నదన్నాడు. తలుపు తీసుకున్నాయన తలుపు వైపు చూశాడు. సామి గారు లేచి ఉపన్యాసానికి నిలబడబోయి, ఎందుకో మళ్లీ కూర్చున్నారు.

సుబ్రమణి ఇక ఆగలేకపోయాడు. విస్తరి పక్కకు నెట్టాడు. "మా ఇంట్లో పాడండి," అన్నాడు. అన్న తీరు పిలిచినట్టు లేదు, తిట్టినట్టుంది. "మీరెవరూ రాకపోయినా పర్లేదు. నేను మద్దెల కొట్టేది, అవ్వ పాడేది. అంతే."

చాపల మీద గుసగుస బయల్దేరింది. ఏజెంటు ఇంటికి భజనకు వెళ్లడమా. వెళ్తే మన గురించి ఏమనుకుంటారు. భగవాన్ ఫ్యాను రెక్కను తుడుస్తూ, అడక్కూడనిది అడుగుతున్నట్టు అడిగాడు, "మణి భాయ్, నీ ఇల్లు ఫ్రీహోల్డా, లీజా?"

సుబ్రమణికి ముఖం వేడెక్కింది. నమాకాలో సగం ఇళ్లు చేతులు మార్పించిన మనిషి. "అద్దె," అన్నాడు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జసోద అవ్వ పటం మీద నుంచి తల ఎత్తి అతని వంక చూసింది.

"అద్దిల్లా? మంచిది," అంది. "అయితే నువ్వు అమ్మలేవు."

కుసుమ్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ పటాన్ని చంకన పెట్టుకుని, లేవడానికి సుబ్రమణి వైపు చెయ్యి చాచింది.

"మెట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి అవ్వా. టైర్ల కొట్టు మీద."

"మోకాళ్లు పోయినాయి నాకు," అంది ఆవిడ, అతని చెయ్యి పట్టుకుని లేస్తూ. "పర్లేదు. వీళ్లను తిట్టుకుంటూ ఎక్కేది."